కోట్‌పల్లి కొండలు - లంబాడీ తండాలు : ఒక పరిశీలనము

కొండలలోని ఊరికి పోయి అడవిబాటలను నడచుట, కొండజాతులవారు కూడు సంతను చూచివచ్చుట నేటి యాత్రికులకు మిక్కిలి ప్రియమైన వేడుకలు. తెలుగునాట అట్టి చోటేదని యడిగినచో అరకులోయ పేరే మొదట వినవచ్చును. హైదరాబాదువారికి అంతదూరము పోకయే ఆ ముచ్చట తీర్చునవి అనంతగిరి, కోట్‌పల్లి ప్రాంతములు. వికారాబాదు, తాండూరుల నడుమ ఈ కొండలును, 1960వ దశకమున కట్టిన కోట్‌పల్లి జలాశయమును కలవు. సెలవుదినములందు నగరమునుండి వచ్చినవారు కొండ లెక్కి, జలాశయమున కయాక్ పడవలు నడపి, మరలుదారిలో అంగడిలో కూర్చున్న లంబాడీ స్త్రీలను చూచి, కొండజాతివారిని చూచితిమని తృప్తిపడి పోవుచున్నారు. ఆ తృప్తి ఎంతవరకు సమంజసమో పరిశీలించుట మా యుద్దేశము.

ముందుగా నేలను గూర్చి రెండు మాటలు. వీనిని కొండలనుట కొంత మర్యాదకొఱకే. ఎఱ్ఱమొరము కప్పిన మిట్ట లివి. దిగువనుండి చూచినవారికి కొండలు, పైకెక్కినవారికి మైదానము. అయినను నీటి విషయమున వీని ఘనత గొప్పది. మూసీనది ఇచటనే పుట్టి తూర్పుగా హైదరాబాదు మీదుగా పోయి వాడపల్లి కడ కృష్ణలో కలియును. పడమటి వాలున పడిన నీరు కాగ్నానదియై తాండూరు మీదుగా భీమలో చేరి, ఆ దారిని తుదకు కృష్ణకే పోవును. ఇరువైపుల నీరును, నడుమ పచ్చికయు గల ఇట్టి మిట్ట పశువుల మందలు గలవారికి పెన్నిధి. ఈ మాట మున్ముందు అవసరమగును.

అరకు సంతలోని వ్యవహారము వేఱు. అచట బగతలు, కోందులు, పోర్జాలు మొదలగువారు తరతరములుగా కొండలపై నుండువారు. పసుపు, పిప్పళ్ళు, చింతపండు, అడ్డాకులు మోసికొని వారు కొండ దిగుదురు. ఉప్పు, బట్ట, ఎండుచేప తీసికొని మైదానపు వర్తకుడు ఎదురు వచ్చును. ఆ వర్తకుని తూనికలో గిరిజనుడు నష్టపోవుచుండుటచేతనే 1956లో గిరిజన సహకార సంస్థ ఏర్పడినది. కొండజాతి యొకవైపు, వర్తకుడు మఱియొకవైపు - అరకు సంత రూప మిది. కోట్‌పల్లి పరిసరముల అంగడిలో (తెలంగాణమున సంతకు అంగడియే వాడుక) సీతాఫలముల గంప ముందిడుకొని కూర్చున్న లంబాడీ స్త్రీ ఈ రెండింటిలో ఏ వైపునకు చెందినది? ఆమె పూర్వులు కొండజాతివారు కారు; ఎదురువచ్చిన వర్తకులే వారు.

ఇందుకు మొదటి సాక్ష్యము భాష. గోండి, కోయ, కువి మున్నగు మన కొండభాషలు ద్రావిడ కుటుంబమునకు చెందినవి. లంబాడీల గోర్‌బోలీ అట్లుగాక రాజస్థానీకి దగ్గఱి చుట్టమైన ఆర్యభాష. అది పశ్చిమభారతమునుండి దారివెంట నడచి వచ్చిన భాషయేగాని ఈ కొండలలో పుట్టినది కాదు.

రెండవది వారి పేరు. బంజారా శబ్దమును వనచర శబ్దమునుండి సాధించువారు కలరు. వణిజ్ శబ్దమునుండి సాధించువారును కలరు. మొదటిదానిని నమ్మినచో వారు అడవులలో తిరుగువారు. రెండవదానిని నమ్మినచో బేరగాండ్రు. మేము రెండవ పక్షమువారము. కన్నడ, మహారాష్ట్ర దేశములలో వారికిగల లమాణి అను పేరును పండితులు లవణ శబ్దముతో ముడిపెట్టుట దీనికి బలము చేకూర్చుచున్నది. అన్నింటికంటె గట్టి సాక్ష్యము తండా అను మాటయే. హిందీలో టాండా యనగా సరకులెత్తిన ఎడ్లతో సాగు బిడారు. మన తెలుగున తండా యనగా కదలని ఊరు. ఒక్క మాట అర్థము ఇట్లు తలక్రిందులగుటలో ఒక జాతి చరిత్ర అంతయు ఇమిడియున్నది.

ఆ బిడారులు ఎంతటివో ఫ్రెంచి రత్నవర్తకుడు తావెర్నియే వ్రాసియున్నాడు. 17వ శతాబ్దిలో గోల్కొండకు వచ్చిన ఈతడు పదివేలు, పండ్రెండువేల ఎడ్లు ఒక్క బిడారుగా బియ్యము, ధాన్యము, ఉప్పు మోసికొనిపోవుట వర్ణించెను. దారి యిఱుకైనచోట అట్టి బిడారు ఎదురైనచో ఇతరులు రెండు మూడు దినములు నిలిచిపోవలసినదే. దక్కనుపై దండెత్తిన మొగలు సేనలకు గింజలు చేర్చినవారు వీరే. 1791-92లో కారన్‌వాలిసు శ్రీరంగపట్టణముపైకి పోయినపుడును, 1803లో ఆర్థర్ వెల్లెస్లీ మరాఠాలతో పోరినపుడును సైన్యముల కడుపు నింపినది వీరి ఎడ్లే. తెలుగువారిలోను పెరికెలవారు ఇట్లే గోనెలెత్తిన ఎడ్లతో ఉప్పు మోసినవారు. వారు మాత్రము ముందే సేద్యమునకు మఱలి ఊళ్ళలో కలిసిపోయిరి.

ఎడ్లబిడారునకు మేత ఖర్చు లేదు. దారిప్రక్క పచ్చికయే దాని పెట్టుబడి. వానకాలమున బాటలు బురదయైనపుడు మాత్రము గడ్డియు నీరును గలచోట నెలల తరబడి దిగవలసియుండును. ఊరి పొలములలో మందను దిగనిచ్చు కాపు ఎవడును లేడు. కనుక వారు మిట్టల యంచులను, అడవి మొగములను వెదకుకొనిరి. అనంతగిరి వంటి తావులతో లంబాడీలకు పరిచయము ఇట్లేర్పడినదని మా యూహ.

1874లో వాడినుండి సికిందరాబాదునకు నైజాము రైలుమార్గము తెఱవబడినది. ఆ దారి తాండూరు, వికారాబాదుల మీదుగనే పోవును. పడమటి ఉప్పు బండియెక్కి హైదరాబాదు చేరునప్పుడు ఎద్దువీపున మోయించుకొనువా డెవడు? కర్నూలు, బళ్ళారి వంటి చోట్లను ఇదే కథ. ఎఱుకలవారి ఉప్పు వ్యాపారమును ఇట్లే దెబ్బతిన్నది. వాన వెలిసిన పిదప కదలవలసిన తండా కదలలేదు. పశువుల నమ్ముకొనుట, కట్టెలు మోయుట, మొరపునేలను గీఁకి జొన్న, కంది విత్తుట వారి వృత్తులైనవి. బ్రిటిషు ఏలుబడిలోని కొన్ని సీమలలో, వ్యాపారము పోయి తిరుగుచున్నవారిని 1871 నాటి నేరస్థజాతుల చట్టము దొంగలుగా లెక్కించినది. తమ సైన్యములకు అన్నము పెట్టినవారిని ఇట్లు లెక్కించిన ఆ ప్రభుత్వపు కృతజ్ఞతను ఏమని పొగడవలెను! ఆ చట్టము 1952లోగాని రద్దు కాలేదు.

ఇంతకును వీరిని గిరిజనులనుట తప్పా యనినచో, చట్టము మాట వేఱు, చరిత్ర మాట వేఱు. ఆంధ్రప్రాంతమున ముందే షెడ్యూల్డు తెగగా గుర్తింపబడిన వీరికి తెలంగాణమున ఆ గుర్తింపు 1976 నాటి సవరణ చట్టముతోగాని రాలేదు. కోట్‌పల్లి దిగువ కాగ్నా వెంట కొంతదూరము పోయి కర్ణాటకమున అడుగిడినచో, అదే భాష మాటాడు అదే జనము అచట షెడ్యూల్డు కులము. మహారాష్ట్రమున విముక్తజాతి. చుట్టరికములు సరిహద్దు దాటుచున్నవి. జాబితాలు దాటుట లేదు. ఆదిలాబాదు గోండులు తమ భూములలోనికి వచ్చిన లంబాడీలను గూర్చి చేయు ఫిర్యాదు మఱియొక చిక్కు. 1982లో ప్రచురింపబడిన తన గ్రంథమున హైమండార్ఫ్ దీనిని ఆవేదనతో చర్చించెను. గోండుల బాధ నిజము. బాటను పోగొట్టుకొన్నవారి పేదఱికమును నిజమే. ఒకదానిని చూపి మఱియొకదానిని కాదనుట మాకు సమ్మతము కాదు.

మేము చూచిన అంగడిలో బిడారు గుర్తులేవియు లేవు. పూసలును అద్దములును కుట్టిన పాతకాలపు రవికె ఒకరిద్దఱు వృద్ధస్త్రీల ఒంటిమీదనే కనిపించినది. పిల్లలు చక్కని తెలుగున బేరమాడుచుండిరి. బేరమున మాత్రము వారిని మించుట మావలన కాలేదు. 2018 నాటి పంచాయతీరాజ్ చట్టముతో తెలంగాణమున ఎన్నో తండాలు గ్రామపంచాయతీ లైనవి. తండా యను మాట ఇప్పుడు ప్రభుత్వపు పత్రములలో ఊరిపేరు చివర నిలిచియున్నది.