రాత్రయితే చీలమండ నొప్పి.. మాత్ర వేస్తే మాయం! అది బెణుకు కాకపోవచ్చు.. ఆస్టియాయిడ్ ఆస్టియోమా అంటే ఏంటి?

ఆటలో కాలు బెణికిందనుకున్నారు. కట్టు కట్టారు. నెలలు గడిచినా చీలమండ నొప్పి పోవట్లేదు. పగలు ఓ మోస్తరుగా ఉండి, రాత్రి పడుకున్నాక ఎక్కువై నిద్ర లేపేస్తోంది. పెయిన్ కిల్లర్ వేసుకుంటే మాత్రం కాసేపటికే తగ్గిపోతోంది. ఇలా ఉంటే అది ఎముకలో పుట్టే చిన్న కణితి కావొచ్చు. దాని పేరే ఆస్టియాయిడ్ ఆస్టియోమా.

పేరు విని కంగారు పడక్కర్లేదు. ఇది క్యాన్సర్ కాదు, వేరే చోటుకి పాకదు. 1935లో అమెరికా పాథాలజిస్టు హెన్రీ జాఫే దీన్ని ప్రత్యేక వ్యాధిగా గుర్తించారు. ఎక్కువగా 5 నుంచి 25 ఏళ్ల వయసులో, అందులోనూ మగపిల్లల్లో కనిపిస్తుంది. తొడ ఎముక, మోకాలి కింది ఎముకల్లోనే ఎక్కువ. పాదంలో అరుదు. వస్తే చాలావరకు చీలమండ కీలులోని టాలస్ ఎముకలోనే.

కణితి చూస్తే శనగగింజంత. సాధారణంగా 1.5 సెంటీమీటర్లు దాటదు. మరి అంత నొప్పి ఎందుకు? కణితి మధ్యలోని నైడస్ అనే భాగం ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలను భారీగా తయారుచేస్తుంది. నొప్పి పుట్టించేవి ఇవే. ఆస్పిరిన్, ఇబుప్రోఫెన్ అడ్డుకునేది కూడా వీటినే. మాత్ర పడగానే హాయిగా ఉండటానికి కారణం ఇదే, డాక్టర్లకు పెద్ద క్లూ కూడా ఇదే.

అసలు చిక్కంతా గుర్తించడంలోనే. పొడవాటి ఎముకల్లో అయితే కణితి చుట్టూ ఎముక గట్టిపడి ఎక్స్‌రేలో తెల్లగా తెలుస్తుంది. టాలస్‌లో, అదీ కీలుకు ఆనుకుని ఉంటే ఆ గుర్తు సరిగా కనబడదు. పైగా కీలులో నీరు చేరి కీళ్లవాతంలా అనిపిస్తుంది. ఎంఆర్ఐలోనూ ఎముక మూలుగలో వాపే కొట్టొచ్చినట్టు కనబడి అసలు కణితి మరుగున పడొచ్చు. దీన్ని బాగా పట్టించేది సీటీ స్కాన్. అక్కడిదాకా వెళ్లేలోపు కట్లు, ఫిజియోథెరపీ అంటూ నెలలు, ఒక్కోసారి ఏళ్లే గడిచిపోతాయి. పిల్లాడు కుంటుతుంటే స్కూలు ఎగ్గొట్టే వేషాలనుకునే ఇళ్లూ లేకపోలేదు.

కొందరిలో కొన్నేళ్లకు దానంతటదే తగ్గుతుంది. కానీ అన్నాళ్లు మాత్రలు మింగితే కడుపులో పుండ్లు, కిడ్నీ సమస్యలు రావొచ్చు. ఒకప్పుడు ఆపరేషన్ చేసి ఎముక చెక్కేవారు. 1990ల నుంచి రేడియోఫ్రీక్వెన్సీ అబ్లేషన్ వచ్చింది. మత్తు ఇచ్చి, సీటీలో చూస్తూ సూదిలాంటి ఎలక్ట్రోడ్‌ను కణితిలోకి దింపి, దాదాపు 90 డిగ్రీల వేడితో కొన్ని నిమిషాలు కాలుస్తారు. చాలామంది అదే రోజో, మర్నాడో ఇంటికెళ్లిపోతారు. అయితే నరానికో, కీలు మృదులాస్థికో మరీ దగ్గరగా ఉంటే ఆ వేడి ప్రమాదం. అప్పుడు ఆర్థ్రోస్కోపీతో, లేదంటే మామూలు ఆపరేషన్‌తో తీసేస్తారు.

ఎముక ఇన్ఫెక్షన్, క్యాన్సర్ కణితుల్లోనూ రాత్రి నొప్పి ఉంటుంది. కాబట్టి మాత్రకు తగ్గుతోంది కదా అని వదిలేయొద్దు. నొప్పి ఏ టైంలో వస్తోంది, ఏ మాత్రకు తగ్గుతోంది అన్నది ఆర్థోపెడిక్ డాక్టర్‌కు తప్పకుండా చెప్పాలి.