ప్రపోజల్ ఫారంలో ఒక ‘లేదు’

సర్వీసులో ఉండగా బీమా ఫారం మీద ఎలా సంతకం పెట్టామో మిత్రులు ఒకసారి గుర్తు చేసుకోవాలి. ఏజెంటు టీ వేళకు సీటు దగ్గరికి వచ్చేవాడు. జబ్బుల గడులన్నిటా తానే ‘లేదు’ అని రాసేవాడు. మనం కింద సంతకం గీకేవాళ్లం. నేనూ అంతే. ఆ ‘లేదు’ బరువెంతో మిఠూలాల్ నాయక్ కేసు చదివాక గాని నాకు తెలిసిరాలేదు.

1945లో ఒకాయన పేర 25 వేల రూపాయల పాలసీ జారీ అయింది. ఆ రోజుల్లో అది చిన్న మొత్తం కాదు. పాలసీ మధ్యలో ల్యాప్సయింది. 1946 జూలైలో పునరుద్ధరించారు. నవంబరులో ఆయన పోయాడు. పాలసీ హక్కు పొందిన మిఠూలాల్ సొమ్ము అడిగితే 1947లో కంపెనీ ఇవ్వనంది. పోయినాయన 1943లోనే రక్తహీనత, కాళ్ల వాపు, ఆయాసాలకు వైద్యం చేయించుకున్నాడు. ఫారంలో ఆ మాట లేదు.

1938 బీమా చట్టం 45వ సెక్షను ప్రకారం అప్పట్లో రెండేళ్లు దాటితే కంపెనీ ఉత్త తప్పు చూపితే చాలదు. దాచినది ముఖ్యమైన విషయమనీ, తెలిసి, మోసబుద్ధితో దాచాడనీ రుజువు చేయాలి. రెండేళ్లను పునరుద్ధరణ నుంచి కాక మొదటి పాలసీ నుంచే లెక్కించాలని 1962లో సుప్రీంకోర్టు తేల్చింది. లెక్క మిఠూలాల్‌కు అనుకూలమే, కాని మోసం రుజువైంది. కట్టిన ప్రీమియం సైతం వెనక్కి రాలేదు!

2015 సవరణతో గడువు మూడేళ్లయింది. అది దాటితే ఏ కారణం మీదా జీవిత బీమా పాలసీని ప్రశ్నించరాదు. మోసగాళ్లకు ఇది వరమని కొందరంటారు. ఫారం కళ్లతో చూడని భార్యకు రక్షణ కావద్దా అని నేనంటాను. గడువులోపల మోసం కాని తప్పు బయటపడి పాలసీ రద్దయితే, ప్రీమియం 90 రోజుల్లో తిరిగివ్వాలి. అయితే ఒక మెలిక. జారీ, రిస్కు ప్రారంభం, పునరుద్ధరణ, రైడరు, వీటిలో ఏది ఆఖరైతే అక్కడినుంచే మూడేళ్లు. అంటే ల్యాప్సయిన పాలసీని బతికిస్తే లెక్క మళ్లీ మొదలు.

ఆరోగ్య బీమాకు దారి వేరు. 2024 నుంచి వరుసగా 60 నెలలు పాలసీ నడిస్తే, దాచారన్న సాకు పనికిరాదు. రుజువైన మోసానికి మాత్రం ఆ రక్షణ లేదు.

నిరుడు ఆరోగ్య బీమా ఫారం నా చేత్తోనే నింపాను. షుగరు, బీపీ, పాత ఆపరేషను అన్నీ రాశాను. “అన్నీ ఎందుకండీ రాయడం, ప్రీమియం పెరగదూ?” అంది మా ఆవిడ. పెరిగింది.