ట్వంటేలో దూడల పాక

కిందటి జనవరిలో మా పిల్లల్ని విస్కాన్సిన్‌లో ఒక డెయిరీ ఫారానికి తీసుకెళ్ళాను. వారం కూడా నిండని దూడలకి అక్కడ కోట్లు తొడిగారు! మా అమ్మాయి పకపకా నవ్వింది. నాకు మాత్రం మా నాయనమ్మ గోనెపట్టా గుర్తొచ్చింది.

మా ముత్తాతగారు శ్రీకాకుళం నుంచి ఓడెక్కి రంగూను వెళ్ళారు. కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరుతో అక్కడ మనవాళ్ళని ‘కోరంగీలు’ అనేవారు. 1930 మేలో రంగూను రేవు కూలీల మధ్య అల్లర్లు చెలరేగి, ఎందరో తెలుగువాళ్ళు బలయ్యారు. ఆ తర్వాత ఆయన నది దాటి, కుండలకి పేరుపొందిన ట్వంటేలో రెండు ఆవులతో పాలవ్యాపారం పెట్టారు. నాయనమ్మ ఆ ఇంటికి కోడలిగా వచ్చింది.

ట్వంటేలో మంచు కురవదు. కానీ మే నుంచి అక్టోబరు దాకా వానే వాన. అక్కడ దూడకి శత్రువు చలికన్నా తడి. వెంట్రుకలు పొడిగా ఉంటే వాటి మధ్య నిలిచిన గాలి వెచ్చదనాన్ని కాపాడుతుంది. తడిసి, పైన ఈదురుగాలి తగిలితే ఒళ్ళు చల్లబడుతుంది. నీరసించిన దూడ పొదుగు దాకా పోలేదు. రోగాన్ని తట్టుకునే శక్తి దానికి తల్లి కడుపులో అందదు. మొదటి కొద్ది గంటల్లో తాగే ముర్రుపాలతోనే రావాలి.

నాయనమ్మకి ఈ శాస్త్రం తెలియదు, పని తెలుసు. ఈనగానే దూడని గోనెతో రుద్ది ఆరబెట్టేది, ముర్రుపాలు తాగించేది. నేలకి ఎత్తుగా వెదురు మంచె, దానిపై రోజూ మార్చే ఎండుగడ్డి, గాలివాటున తడిక. పైన మాత్రం గాలాడాలి. గోనె తడిస్తే వెంటనే తీసెయ్యాలి. “తడిగోనె కంటే ఉత్త ఒళ్ళే నయం” అనేది.

1962 సైనిక పాలన తర్వాత వ్యాపారాలు జాతీయమయ్యాయి. 1964లో మావాళ్ళు చేతిసంచులతో విశాఖ ఓడెక్కారు. అప్పటికి నాలుగు రోజుల పెయ్య ఉంది. నాయనమ్మ దాన్ని పొరుగింటి బర్మా ఆవిడకి అప్పగించి, “గోనె తడిస్తే మార్చు” అని మూడుసార్లు చెప్పిందట. విశాఖలో వాన పడ్డప్పుడల్లా, “ఆవిడ మార్చిందో లేదో” అనుకునేది.

నేను పసిపిల్లల డాక్టర్ని. కాన్పు గదిలో మా మొదటి పాఠం: బిడ్డని తుడిచి పొడిగా ఉంచు, తల్లి ఒంటికి ఆనించు. అది నేను మెడికల్ కాలేజీలో చేరకముందే మా ఇంట్లో విన్నాను.

మీ ఇంట్లో కూడా ఇలాంటి విద్య ఏదో ఒకటి ఓడెక్కి వచ్చే ఉంటుంది. చెప్పే పెద్దవాళ్ళు ఉండగానే అడిగి రాసుకోండి.