తోటివారి తీర్పు.. స్థానిక పాలనకు దిద్దుబాటు

ఒక స్థానిక సంస్థ పనితీరును మరో స్థానిక సంస్థకు చెందిన ప్రజాప్రతినిధులు, అధికారులు స్వయంగా పరిశీలించి, లోటుపాట్లను తెలిపి, సరిదిద్దుకునేందుకు తోడ్పడే విధానాన్ని సహచర సమీక్ష అంటారు. ఇది ఆడిట్ కాదు, తనిఖీ అంతకన్నా కాదు. ఇందులో మార్కులు, జరిమానాలు ఉండవు. ఈ విధానాన్ని విస్తృతంగా అమలు చేస్తున్న దేశాలలో ఇంగ్లాండు ఒకటి. దీని ప్రయోజనమెంత, పరిమితి ఏమిటన్నది అక్కడి అనుభవమే చెబుతోంది.

తనిఖీల స్థానంలో..

ఇంగ్లాండులో స్థానిక మండళ్ల లెక్కలను 1983 నుంచి ఆడిట్ కమిషన్ పర్యవేక్షించేది. 2002లో సమగ్ర పనితీరు మదింపు ప్రారంభమైంది. ప్రతి మండలికీ అత్యుత్తమం మొదలుకొని అధ్వానం వరకు అయిదు శ్రేణులలో ఒకటి కేటాయించేవారు. తనిఖీల భారం పెరిగిపోయిందన్న విమర్శల నేపథ్యంలో కమిషన్‌ను రద్దు చేయనున్నట్లు ప్రభుత్వం 2010లో ప్రకటించింది. 2015 మార్చి నెలాఖరున అది మూతపడింది. 1999 నుంచే చిన్నస్థాయిలో సాగుతున్న సహచర సమీక్షను స్థానిక ప్రభుత్వాల సంఘం 2011 నుంచి విస్తరించింది.

సమీక్ష జరిగే తీరు

ఇతర మండళ్ల నాయకులు, ముఖ్య కార్యనిర్వహణాధికారులు, సీనియర్ అధికారులతో కూడిన బృందం కొద్ది రోజుల పాటు మండలిలోనే ఉంటుంది. పత్రాలను చదువుతుంది. పాలక, ప్రతిపక్ష సభ్యులతోనూ, సిబ్బందితోనూ, స్థానిక సంస్థల భాగస్వాములతోనూ మాట్లాడుతుంది. స్థానిక ప్రాధాన్యాలు, నాయకత్వం, పాలనా సంస్కృతి, ఆర్థిక ప్రణాళిక, మెరుగుదల సామర్థ్యం అనే అయిదు అంశాలను పరిశీలిస్తుంది. అనంతరం మండలి ఆ నివేదికను, కార్యాచరణ ప్రణాళికను ప్రజల ముందుంచాలి. కొంతకాలానికి పురోగతిపై మరోమారు సమీక్ష జరుగుతుంది.

ఫలితాన్ని కొలిచేదెలా?

ఈ విధానంపై కార్డిఫ్ బిజినెస్ స్కూల్ పరిశోధకుల స్వతంత్ర అధ్యయనం 2014లో వెలువడింది. సమీక్ష పొందిన మండళ్లు దానిని ఎంతో ఉపయోగకరంగా భావించాయి. అయితే రోడ్లు, పారిశుద్ధ్యం, సంక్షేమ సేవలు మెరుగుపడితే అందులో సమీక్ష వాటా ఎంతన్నది విడదీసి చెప్పడం కష్టం. అదే కాలంలో నిధులు, నాయకత్వం, చట్టాలు కూడా మారుతుంటాయి. కనుక సంతృప్తి ఒక్కటే కొలమానం కారాదు. సూచనలలో ఎన్ని అమలయ్యాయి, ఎప్పటిలోగా అమలయ్యాయి అన్నదే అసలు పరీక్ష.

హెచ్చరించినా వినకపోతే..

నార్తాంప్టన్‌షైర్ కౌంటీ మండలి ఇందుకు ఉదాహరణ. దాని ఆర్థిక స్థితి ప్రమాదకరంగా ఉందని 2017 సెప్టెంబరులో సహచర బృందం హెచ్చరించింది. 2018 ఫిబ్రవరిలో మండలి కొత్త వ్యయాన్ని నిలిపివేస్తూ 114వ సెక్షన్ నోటీసు జారీ చేయవలసి వచ్చింది. 21 గ్రంథాలయాలను మూసివేయాలని కూడా నిర్ణయించగా, ఆ నిర్ణయం చట్టవిరుద్ధమని 2018 ఆగస్టులో హైకోర్టు తీర్పునిచ్చింది. విమర్శలకు మండలి సరిగా స్పందించలేదని ప్రభుత్వం నియమించిన తనిఖీ అధికారి మ్యాక్స్ కాలర్ 2018 మార్చిలో పేర్కొన్నారు. 2021 ఏప్రిల్‌లో ఆ మండలి స్థానంలో రెండు కొత్త మండళ్లు ఏర్పడ్డాయి. రోగాన్ని గుర్తించడంలో సమీక్ష విఫలం కాలేదు. మందు వేసుకోమని నిర్బంధించే అధికారం దానికి లేదు.

పొరుగు దేశంలో, మన దేశంలో

బంగ్లాదేశ్‌లో 2007లో మొదలైన సమస్థాయి అభ్యసన కార్యక్రమం మరో మార్గాన్ని అనుసరించింది. యూనియన్ పరిషత్తులు తమ మంచి పద్ధతులను గుర్తించడం, ఇతరులు వెళ్లి చూసిరావడం, నచ్చినవాటిని సొంత నిధులతో అమలు చేయడం ఇందులోని క్రమం. తప్పులు వెతకడం కన్నా మేలైనదాన్ని స్వీకరించడానికే ఇక్కడ ప్రాధాన్యం.

మన దేశంలో 2005 డిసెంబరులో ప్రారంభమైన జవహర్‌లాల్ నెహ్రూ జాతీయ పట్టణ నవీకరణ పథకం కింద నగరాల మధ్య అనుభవాల మార్పిడికి 2007లో పెర్ల్ పేరిట కార్యక్రమం చేపట్టారు. హైదరాబాద్, విశాఖపట్నం, విజయవాడ ఆ పథకంలోని నగరాలే. 2008లో తాగునీరు, మురుగునీరు, ఘన వ్యర్థాలు, వాననీటి పారుదల రంగాలకు 28 ప్రామాణిక సూచికలను కేంద్రం నిర్దేశించింది. ఒకే కొలమానం ఉంటేనే ఒక పట్టణాన్ని మరో పట్టణంతో సరిపోల్చడం సాధ్యమవుతుంది.

పౌరులు గమనించవలసినవి

అధ్యయన యాత్రకు వెళ్లివచ్చిన పాలకవర్గం నివేదికను సర్వసభ్య సమావేశం ముందుంచిందా? ఏ సూచనను ఎప్పటిలోగా, ఏ పద్దు కింద అమలు చేస్తారో తెలిపిందా? ఏడాది తరువాత పురోగతిని పరిశీలించే బాధ్యత ఎవరికి అప్పగించింది? ఈ మూడింటికి సమాధానం లభిస్తేనే ఖర్చు చేసిన ప్రజాధనం సద్వినియోగమైనట్లు. సహచర సమీక్ష ఆడిట్‌కు ప్రత్యామ్నాయం కాదు. లెక్కల తనిఖీ, సభలో ప్రతిపక్షం, ప్రశ్నించే పౌరుడు ఉన్నచోటే తోటివారి సలహాకు విలువ దక్కుతుంది.