కోరిడోరాస్ చేప: ఒక పొరపాటు చరిత్ర

ప్రత్యేక సంచికకు చరిత్ర వ్యాసం ఒకటి రాయమని సంపాదకవర్గం వారు కోరారు. రాజుల గురించీ కోటల గురించీ సాధికారంగా రాయగలవారు మన సంఘంలో పలువురున్నారు. నాకు తెలిసింది రెండంగుళాల చేప చరిత్ర మాత్రమే. అదైనా రాస్తానని ఒప్పుకోవడానికి వేరే కారణం ఉంది. 2009లో ఇదే పత్రికలో అక్వేరియం చేపల పెంపకం గురించి నేనొక వ్యాసం రాశాను. అందులో ఒక తప్పు దొర్లింది. ఆ తప్పును ఎత్తిచూపిన సభ్యుడికి నేనిచ్చిన జవాబు అంతకంటే పెద్ద తప్పు. ఆయన ఇప్పుడు లేరు. కనుక ఈ వ్యాసం కొంత చరిత్ర, కొంత క్షమాపణ.

మీసాలున్న చేపను మనవైపు జెల్ల అంటాం. వాలుగ, మార్పు, ఇంగిలాయి కూడా ఆ పెద్ద కులంలోవే. విశాఖపట్నంలో ఈస్టిండియా కంపెనీ కొలువులో ఉండిన పాట్రిక్ రస్సెల్ అనే వైద్యుడు అక్కడి తీరంలో దొరికే 200 చేపలకు బొమ్మలు వేయించి, మన జాలరులు చెప్పిన తెలుగు పేర్లనే ఇంగ్లీషు అక్షరాల్లో పెట్టి, 1803లో లండన్‌లో రెండు సంపుటాలుగా ప్రచురించాడు. తరువాత ఫ్రాన్సిస్ డే అనే మరో వైద్యుడు 1877లో ఒక సముద్రపు జెల్లకు ఏరియస్ జెల్లా అని శాస్త్రీయనామమే పెట్టాడు. మన మాట అలా ప్రపంచ గ్రంథాల్లోకి ఎక్కింది.

రస్సెల్ పుస్తకం వచ్చిన ఆ 1803లోనే పారిస్‌లో లాసెపేద్ అనే పండితుడు దక్షిణ అమెరికాకు చెందిన ఒక చిన్న మీసాల చేపకు కోరిడోరాస్ అని పేరు పెట్టాడు. గ్రీకు భాషలో శిరస్త్రాణమూ కవచమూ కలిసివచ్చే మాట అది. దీని ఒంటికి పొలుసులుండవు. రెండు వైపులా రెండు వరుసల్లో గట్టి పలకలు పెంకులు కప్పినట్లు అమరి ఉంటాయి. బీగిల్ ఓడలో ప్రపంచం చుట్టివచ్చిన చార్లెస్ డార్విన్ తెచ్చిన చేపల్లో ఈ జాతిది ఒకటి ఉంటే, దాన్ని 1842లో లెనార్డ్ జెనిన్స్ వర్ణించాడు. పేలియాటస్ అనే చుక్కల చేప అదే. ఇప్పుడు దుకాణాల్లో ఎక్కువగా దొరికే కంచురంగు చేపను ట్రినిడాడ్ నుంచి వచ్చిన నమూనాలను చూసి 1858లో గిల్ వర్ణించాడు. నిన్నమొన్నటి దాకా దాన్ని కోరిడోరాస్ ఏనియస్ అన్నారు. 2024లో శాస్త్రజ్ఞులు ఈ కుటుంబాన్నంతా తిరగదోడి, దాని పేరు ఆస్టియోగాస్టర్ ఏనియా అని మార్చారు. చుక్కల చేప పేరూ మారింది. దుకాణంలో మాత్రం ఇంకా 'కోరీ' అంటేనే ఇస్తారు. నేనూ పాత పేరే వాడతాను. ఈ వయసులో కొత్త పేర్లు నోరు తిరగవు.

గాజుతొట్టిలో చేపలను పెంచే సరదా ఐరోపాలో 1850ల్లో మొదలైంది. లండన్ జంతు ప్రదర్శనశాలలో చేపల భవనం తెరిచింది 1853లో. పెంచడం వేరు, పిల్లలు పెట్టించడం వేరు. ఆ విద్యలో మొదటి పేరు పారిస్ నగరవాసి పియేర్ కార్బోనియేది. చైనా నుంచి తెప్పించిన పేరడైజ్ చేపను 1869లో తన తొట్టెల్లో పిల్లలు పెట్టించాడు. తర్వాత మన గంగానది ప్రాంతపు గురామీనీ, ఆపైన 1870ల చివర్లో దక్షిణ అమెరికా నుంచి వచ్చిన ఈ కవచాల చేపనూ గుడ్లు పెట్టించాడు. అప్పటికి ఎయిర్ పంపూ లేదు, కరెంటు హీటరూ లేదు. నదులూ అడవులూ దాటి వెళ్ళనక్కరలేకుండా, కుర్చీ వేసుకొని కూర్చున్న మనిషి ఒక చేప సంసారాన్ని గాజులోంచి చూడగలగడం అప్పుడు కొత్త సంగతి.

చూస్తే కనిపించేది ఇది. ఒక ఆడచేప వెంట ఇద్దరు ముగ్గురు మగవాళ్ళు తిరుగుతారు. ఆడది లావుగా, పైనుంచి చూస్తే వెడల్పుగా ఉంటుంది. మగవి సన్నం. కొంతసేపటికి ఒక మగచేప పక్కకు ఒరిగి ఆగుతుంది. ఆడచేప దాని పొట్టకు నోరు ఆనించి నిలబడుతుంది. రెండూ కలిసి ఇంగ్లీషు 'టి' అక్షరంలా ఉంటాయి. కొన్ని క్షణాలు అలా ఉండి విడిపోగానే, ఆడచేప పొట్టకింది రెండు రెక్కలనూ దోసిలిలా పట్టి, అందులోకి రెండో మూడో నాలుగో గుడ్లు వదులుతుంది. ఆ దోసిలితోనే ఈదుకుంటూ వెళ్ళి, గాజుగోడ మీదనో ఆకు మీదనో స్థలం చూసి అంటిస్తుంది. మళ్ళీ వచ్చి మళ్ళీ అదే తంతు. ఉదయం మొదలుపెడితే మధ్యాహ్నం దాకా సాగుతుంది. ఒక్క విడతలో 100, 150 గుడ్లు సామాన్యం.

మరి గుడ్లు ఫలదీకరణ ఎక్కడ చెందుతున్నట్టు? నూరేళ్ళపాటు చేపల పెంపకందార్లు కొట్టుకున్నది ఈ ప్రశ్న మీదే. ఎక్కువమంది నమ్మిన సమాధానం ఒకటుంది: ఆడచేప మగచేప వీర్యాన్ని నోట్లో దాచుకుంటుంది, వెళ్ళి గాజు మీద నోటితో పూస్తుంది, ఆ పూసిన చోట గుడ్లు అంటిస్తుంది. గుడ్లు పెట్టబోయే చోటును ఆడచేప నోటితో తుడవడం చాలాసార్లు కనిపిస్తుంది కూడా. నేను చదివిన పాత పుస్తకాల్లో ఇలాగే ఉంది. 2009లో నేను రాసిందీ ఇదే.

వ్యాసం అచ్చయిన పదిరోజులకు మన సంఘ సభ్యులొకరి దగ్గరనుంచి కార్డు వచ్చింది. ఆయన సర్వీసంతా మెకానిక్‌గా చేసినవారు. ఇంట్లో మూడడుగుల తొట్టి ఉండేది. ముత్యాల్లాంటి అక్షరాలతో రెండే విషయాలు రాశారు. "మా ఇంటి చేప నోరు ఆనించకుండానే ఆకు అడుగున గుడ్లు పెట్టింది. అవి కూడా పిల్లలైనవి. అక్కడ పూసినదెవరు? ఈ చేప పైకి వచ్చి గాలి మింగి వెనకనుంచి వదులుతుంది గదా, గాలి పోయే దారిన వీర్యం పోకూడదా?" అని.

రెండో ప్రశ్న చదివి నేను నవ్వాను. దాచడం ఎందుకు, ఆయన చదువూ నా చదువూ కూడా ఆ నవ్వులో ఉన్నాయి. "కడుపులోకి పోయినది అరగక మానదు. గ్రంథాలు రాసినవారు ఇదంతా ఆలోచించకుండా రాయరు" అని తిరుగుటపాలో జవాబు పంపాను. వార్షిక సమావేశంలో నలుగురి మధ్య ఆ కార్డు సంగతి చెప్పి నవ్వించాను కూడా. ఆయన ఆ వరసలోనే చివర కూర్చుని ఉన్నారని తర్వాత తెలిసింది. మళ్ళీ ఆయన నాకు రాయలేదు. 2016లో కాలం చేశారు.

2021లో, కోవిడ్ భయానికి గడప దాటని రోజుల్లో, మా మనవడు ఫోన్‌లో ఒక పరిశోధన సారాంశం చదివి వినిపించాడు. జపాన్‌కు చెందిన మసనోరి కోహ్దా, ఆయన సహచరులు ఇదే కంచురంగు చేప మీద చేసిన పని అది. ఆడచేప వీర్యాన్ని తాగుతుంది. అది పేగుగుండా కొద్ది క్షణాల్లో చెడకుండా దాటి వెనకనుంచి బయటికి వచ్చి, రెక్కల దోసిలిలో ఉన్న గుడ్లను చేరుతుంది. ఆడచేప నోటిలో నీలిరంగు వదిలి చూస్తే ఆ రంగూ అలాగే వెనకనుంచి వచ్చిందట. దోసిలి మూసిన చోటు గనుక వీర్యం నీళ్ళలో చెదిరిపోదు. గుడ్లకు తండ్రి ఎవరో ఎంచుకునే వీలూ ఆడచేపకే. ఆ పరిశోధన అచ్చయింది 1995లో. అంటే నేను వ్యాసం రాసేనాటికే సంగతి తేలి 14 ఏళ్ళు. మెకానిక్‌గారు ఏ పుస్తకమూ చూడకుండా, తొట్టి ముందు కూర్చుని, అదే తీర్మానానికి వచ్చారు.

గాలి సంగతి కూడా కొంచెం చెప్పాలి. మన మార్పూ ఇంగిలాయీ కూడా గాలి పీల్చే చేపలే. అయితే వాటికి మొప్పల దగ్గర ప్రత్యేకమైన ఏర్పాటు ఉంది. కోరిడోరాస్‌కు పేగే ఊపిరితిత్తి. మింగిన గాలిలోని ప్రాణవాయువును పేగు చివరిభాగం పీల్చుకుంటుంది, మిగిలింది వెనకనుంచి పోతుంది. ఎండాకాలపు మడుగుల్లో బతకడానికి వచ్చిన ఏర్పాటు సంసారానికీ పనికొచ్చింది.

ఇక ఇంట్లో పిల్లలు పెట్టించే పద్ధతి. రెండడుగుల తొట్టి, ఒక ఆడదానికి రెండు మగవి, అడుగున నున్నటి సన్నఇసుక. గరుకు రాళ్ళయితే మీసాలు అరిగిపోతాయి. నెలరోజులు ట్యూబిఫెక్స్ పురుగుల వంటి మంచి మేత పెట్టి, ఆడచేప పొట్ట నిండిందనుకున్నాక, సగం నీళ్ళు తీసి నాలుగైదు డిగ్రీలు చల్లటి నీళ్ళు పోయాలి. మబ్బు పట్టి ముసురుగా ఉన్న రోజు అయితే మరీ మంచిది. వాళ్ళ దేశంలో వాన వచ్చిందని చేప అనుకుంటుంది. తెల్లవారేసరికి గాజు మీద ముత్యాలు అంటించినట్టు గుడ్లు ఉంటాయి.

చేపకు వాన కబురు అందితేగానీ గుడ్లు పెట్టదన్నది మనకు కొత్త కాదు. మన బొచ్చె, రాగండి చెరువుల్లో ఎంత పెరిగినా నిలవనీటిలో గుడ్లు పెట్టవు. వరదల్లో నదుల నుంచి చేపపిల్లలను పట్టి తేవలసిందే. 1957 జూలై 10న ఒడిశాలోని అంగుల్‌లో హీరాలాల్ చౌధురి పిట్యూటరీ గ్రంథి రసం సూదిమందుగా ఇచ్చి గుడ్లు పెట్టించాక ఆ ఇబ్బంది తీరింది. కొల్లేటి చుట్టూ ఉన్న చెరువులన్నీ ఆ సూది చలవే. కోరిడోరాస్‌కు సూది అక్కరలేదు, ఒక బకెట్ చన్నీళ్ళు చాలు.

గుడ్లు పెట్టగానే తల్లిదండ్రులే తినేస్తాయి. అందుకని గుడ్లను వేలితో మెల్లగా దొర్లించి తీయాలి. చూడడానికి సున్నితంగా ఉన్నా గట్టిగానే ఉంటాయి. అదే తొట్టి నీళ్ళు పోసిన ప్లాస్టిక్ డబ్బాలో వేసి, ఎయిర్ పంపు బుడగలు మెల్లగా తగిలేట్టు పెట్టాలి. మిథిలీన్ బ్లూ ఒక చుక్క వేస్తారు. నేను ఎండిన బాదం ఆకు ముక్క వేస్తాను. ఈ వీధి బాదం ఆకును విదేశాల్లో డబ్బిచ్చి కొంటారంటే మా పనిమనిషి నమ్మలేదు. తెల్లబడిన గుడ్డును వెంటనే ఏరేయాలి, లేకపోతే బూజు పక్క గుడ్లకు పాకుతుంది. నాలుగైదు రోజులకు పిల్లలు వస్తాయి. రెండు రోజులు పొట్టసంచిలోని పచ్చసొనతోనే గడుపుతాయి, మేత వేయకూడదు. ఆ తరువాతే అసలు కష్టం.

మొదటి విడతలో నాకు నూటపాతిక పిల్లలు వచ్చాయి. కోడిగుడ్డు పచ్చసొన నలిపి వేశాను. ఆ రాత్రి కరెంటు పోయింది, బుడగలు ఆగాయి, సొన కుళ్ళింది. పొద్దున డబ్బా మూత తీస్తే వాసన. ఒక్కటీ మిగల్లేదు. ఇప్పుడు పొదిగించిన ఆర్టీమియా, మైక్రోవర్మ్ తప్ప ఇంకేమీ వేయను. రోజూ పొద్దునా సాయంత్రం సన్నగొట్టంతో అడుగు మడ్డి పీల్చి, పాత తొట్టి నీళ్ళే తిరిగి పోస్తాను. ఇసుక ఉండదు, శుభ్రమైన అడుగు. ఆకలితో చచ్చే పిల్లలకంటే మిగిలిన మేత కుళ్ళి చచ్చేవే ఎక్కువ. రెండు నెలలకు ముప్పాతిక అంగుళమై, మీసాలతో అడుగు తవ్వుతూ తిరుగుతాయి.

గత శ్రావణంలో పెట్టిన విడతలో 61 నిలిచాయి. మెకానిక్‌గారి అబ్బాయి ఇంటికి వెళ్ళి జరిగిందంతా చెప్పాను. నాన్నగారు ఆ ఉత్తరం దాచారని, ఒక పుస్తకంలోంచి తీసి చూపించాడు. నా చేతిరాతే. "కడుపులోకి పోయినది" అన్న ముక్క కింద పెన్సిల్‌తో గీత గీసి, పక్కన ఒక ప్రశ్నార్థకం పెట్టి ఉంది. మేడ మీద ఆ మూడడుగుల తొట్టిలో తులసి వేశారట. ఒక గాజు పగిలింది. బాగుచేయించడానికి మనిషిని మాట్లాడాను. అది సిద్ధం కాగానే పన్నెండు చేపలు వెళ్తాయి.

మిగిలినవి కావలసిన సభ్యులు ఏ ఆదివారమైనా మా ఇంటికి రావచ్చు. వచ్చేవారు మూత ఉన్న వెడల్పాటి డబ్బా తెచ్చుకోవాలి. పలుచని కవరు పనికిరాదు, రెక్క ముల్లు గుచ్చుకొని దారిలోనే నీళ్ళు కారిపోతాయి.