ఓహైయో హెచ్‌బీ-6: విద్యుత్ కంపెనీలను నిలదీసిన కాగితాలు

ఇంజినీరింగ్‌లో లోడ్ ఫ్యాక్టర్ లెక్కలు చేశాం కానీ, యూనిట్ ధర ఎవరు, ఎలా నిర్ణయిస్తారో ఎవరూ చెప్పలేదు. జీఎస్-2లో నియంత్రణ సంస్థలు చదువుతున్నప్పుడు ఆ లోటు తెలిసింది. నియంత్రణ ఎలా విఫలమవుతుందో అర్థం కావాలంటే అమెరికాలోని ఓహైయో రాష్ట్ర ఉదంతం మంచి కేస్ స్టడీ.

నేపథ్యం

విద్యుత్ కంపెనీలపై పరిశోధన కొత్తది కాదు. 1928లో అమెరికా సెనేట్ ఆదేశంతో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ విచారణ మొదలుపెట్టింది. అప్పటి వివాదం క్లీన్ ఎనర్జీ గురించి కాదు, ప్రభుత్వ రంగ విద్యుత్ గురించి. దానికి వ్యతిరేకంగా ప్రైవేటు కంపెనీలు పత్రికల్లో, బడి పుస్తకాల్లో సైతం ప్రచారం నడిపాయని కమిషన్ సేకరించిన పత్రాలు బయటపెట్టాయి. దాని ఫలితాల్లో ఒకటి 1935 నాటి హోల్డింగ్ కంపెనీల చట్టం.

2017లో ఎనర్జీ అండ్ పాలసీ ఇన్‌స్టిట్యూట్ అనే పరిశోధనా సంస్థ పాత సమావేశాల రికార్డులు తవ్వింది. బొగ్గు, చమురు మండితే వాతావరణంలో కార్బన్ డయాక్సైడ్ పెరిగి ముప్పు రావచ్చని 1968లోనే ఆ పరిశ్రమ వార్షిక సదస్సులో అధ్యక్షుడి సైన్స్ సలహాదారు హెచ్చరించారని అందులో తేలింది. అంటే పరిశ్రమకు విషయం తెలియక కాదు.

ఓహైయోలో ఏం జరిగింది?

2008లో ఓహైయో 12.5 శాతం పునరుత్పాదక విద్యుత్ లక్ష్యంతో చట్టం చేసింది. 2014లో దాన్ని రెండేళ్లు స్తంభింపజేశారు. 2019 జూలైలో హౌస్ బిల్ 6 వచ్చింది. ఫస్ట్‌ఎనర్జీకి చెందిన అనుబంధ సంస్థ చేతిలోని రెండు అణు కేంద్రాలకు, మరో రెండు పాత బొగ్గు కేంద్రాలకు వినియోగదారుల బిల్లుల నుంచి సాయం ఇచ్చారు. పునరుత్పాదక లక్ష్యాన్ని 8.5 శాతానికి కుదించి, ఇంధన పొదుపు పథకాలకు ముగింపు పలికారు. అణు విద్యుత్‌లో కార్బన్ ఉద్గారాలు దాదాపు ఉండవన్న వాదన నిజమే. అయితే అదే చట్టం బొగ్గును కాపాడి సౌర, పవన విద్యుత్‌ను ఎందుకు తగ్గించిందన్న ప్రశ్నకు ఆ వాదనలో జవాబు లేదు.

జవాబు డబ్బు జాడలో దొరికింది. దాతల పేర్లు చెప్పనక్కర్లేని ఒక లాభాపేక్ష లేని సంస్థ ద్వారా సుమారు 6 కోట్ల డాలర్లు రాష్ట్ర దిగువ సభ స్పీకర్ లారీ హౌస్‌హోల్డర్ వర్గానికి చేరాయి. చట్టంపై రెఫరెండం కోసం సంతకాలు సేకరిస్తే, చైనా మన గ్రిడ్‌ను ఆక్రమిస్తోందంటూ ప్రకటనలిచ్చి అడ్డుకున్నారు. విలేకరులు, పరిశోధకులు 2019లోనే ఈ డబ్బు ఎవరిదని అడిగారు. 2020 జూలైలో ఎఫ్‌బీఐ ఆయనను అరెస్టు చేసింది. 2023లో న్యాయస్థానం 20 ఏళ్ల శిక్ష వేసింది. ఫస్ట్‌ఎనర్జీ తన పాత్ర అంగీకరించి 23 కోట్ల డాలర్ల జరిమానాకు ఒప్పుకుంది. తర్వాత రాష్ట్ర నియంత్రణ కమిషన్ అధ్యక్షుడైన వ్యక్తికి 43 లక్షల డాలర్లు ఇచ్చామని కూడా ఒప్పుకుంది. ఆయన ఆరోపణలను ఖండించారు, విచారణ ముగియకముందే మరణించారు. అణు సాయాన్ని 2021లో రద్దు చేశారు, కానీ కుదించిన పునరుత్పాదక లక్ష్యం అలాగే మిగిలింది. దోషికి శిక్ష పడినంత మాత్రాన విధానం వెనక్కి రాదని దీని అర్థం.

మనకు వర్తించేది ఎంత?

పోలిక జాగ్రత్తగా చేయాలి. అక్కడి కంపెనీ పెట్టుబడిపై లాభం సంపాదిస్తుంది కాబట్టి ఇంటిపై సోలార్ పలక దానికి పోటీ. మన డిస్కంల సమస్య వేరు: ఎక్కువ ధర చెల్లించే వినియోగదారులు సొంత సోలార్‌కు మారితే, రైతులకు, పేదలకు ఇచ్చే క్రాస్ సబ్సిడీ భారం మోయడం కష్టం. 2019లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పవన, సౌర ఒప్పందాల ధరలు తగ్గించేందుకు కమిటీ వేసింది, కారణంగా డిస్కంల అప్పులనే చూపింది. చివరకు 2022 మార్చిలో హైకోర్టు ఒప్పందాల ధరలే చెల్లించాలని తీర్పు ఇచ్చింది. ఇక్కడ విషయం లంచం కాదు, బకాయిలు, ధరల లెక్కలు. అయినా క్లీన్ ఎనర్జీకి తగిలే దెబ్బ రెండు చోట్లా ఒకటే.

ఆ లెక్కలు అడిగే హక్కు మాత్రం మనకుంది. విద్యుత్ చట్టం 2003, సెక్షన్ 64 ప్రకారం టారిఫ్ ప్రతిపాదనలు ప్రచురించి, ప్రజల అభ్యంతరాలు పరిశీలించాకే కమిషన్ ఉత్తర్వు ఇవ్వాలి. 1990లలో ఎన్రాన్ దభోల్ ఒప్పందాన్ని పుణెలోని ప్రయాస్ బృందం పంక్తి పంక్తీ విశ్లేషించి ప్రశ్నించింది. బిల్లులో ట్రూ-అప్ చార్జీ కనిపించిన రోజున విసుక్కుని ఊరుకునే బదులు, ఆ ఉత్తర్వు తీసి చదవడం మనం చేయగలిగిన మొదటి పని.

సాధన ప్రశ్న: నియంత్రణ సంస్థ స్వతంత్రత చట్టంలో రాస్తే సరిపోతుందా, లేక పౌర పరిశోధన కూడా అవసరమా? ఉదాహరణలతో 250 పదాల్లో చర్చించండి.