చైనీస్ తంటా, గోండికి దారి

బస్తర్‌లో గోండిని ఎక్కువగా దేవనాగరిలోనే రాస్తారు. అయితే ఆ భాషకు సొంత లిపులూ ఉన్నాయి. ఒకటి 1918లో బాలాఘాట్ ప్రాంతపు మున్షీ మంగళ్‌సింగ్ మసారం రూపొందించినది. ఇంకొకటి మన ఆదిలాబాద్ జిల్లా గుంజాల రాతప్రతుల్లో బయటపడినది. కంప్యూటర్లలో ప్రతి అక్షరానికీ ఒక సంఖ్య ఇచ్చే యూనికోడ్‌లో మొదటిదానికి 2017లో, రెండోదానికి 2018లో చోటు దక్కింది. ఆలస్యంగా ఎక్కినవాళ్లకు వెనక సీటే కదా, రెండింటికీ తొలి 65,536 స్థానాలకు అవతలే జాగా దొరికింది.

అవతలి అక్షరం ఏదైనా, ఆ సంఖ్యలను బైట్లుగా రాసే యూటీఎఫ్-8లో నాలుగు బైట్లు తీసుకుంటుంది. వెబ్‌సైట్ల వెనక విరివిగా నడిచే మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌లో మాత్రం 'యూటీఎఫ్8' అని పేరు పెట్టినదానిలో మూడు బైట్లే పట్టేవి. పేరు గొప్ప! నాలుగు బైట్ల అక్షరం తగిలితే ఎర్రర్ వచ్చేది, లేదా వాక్యం అక్కడికి తెగిపోయేది. ఈ దెబ్బ గోండి కంటే ముందే చైనీస్‌కు తగిలింది. 2001లో యూనికోడ్ 42 వేలకు పైగా అరుదైన చైనీస్ అక్షరాలను అవతలి వరసలోనే చేర్చింది. మనుషుల పేర్లలో వాడేవీ వాటిలో ఉన్నాయి. 2010లో 'యూటీఎఫ్8ఎంబీ4' వచ్చాక గాని నాలుగో బైటుకు చోటు కుదరలేదు.

దాచడం కుదిరింది గాని వెతకడం కుదరలేదు. అక్షరాలను పోల్చే పాత నియమం అవతలి వరస అన్నిటినీ ఒకటిగానే లెక్కేసేది. ఒక అక్షరం అడిగితే ఏదైనా సరేననేది సర్వర్. సుషీ బొమ్మ కోసం వెతికితే బీరు బొమ్మ కూడా వస్తోందని జపాన్ ఇంజినీర్లు దీనికి 'సుషీ-బీరు సమస్య' అని పేరు పెట్టుకున్నారు. 2018 నాటి మైఎస్‌క్యూఎల్ 8.0 వెర్షన్ సరైన పోలికను మామూలు అమరికగా తెచ్చింది.

వెతుకులాటలో ఇంకో చిక్కు కూడా ఉంది: చైనీస్‌లో పదాల మధ్య ఖాళీలు ఉండవు. ఖాళీని చూసి పదాన్ని తేల్చే పద్ధతి అక్కడ చేతులెత్తేసింది. అందుకని 2015లో 5.7 వెర్షన్ పాఠాన్ని రెండేసి అక్షరాల ముక్కలుగా కోసి సూచిక కట్టడం మొదలుపెట్టింది. కొరియన్‌లో ఖాళీలున్నా ప్రత్యయాలు పదానికే అతుక్కుంటాయి, మన 'బస్తర్‌లో', 'బస్తర్‌కు' లాగే; కాబట్టి అక్కడా ముక్కల సూచిక పనికొస్తుంది. గోండీ ద్రావిడ భాషే, దానిదీ ఇదే దారి.

ఛత్తీస్‌గఢ్‌లో సీజీనెట్ స్వర అనే ఫోన్ వార్తల వేదిక 2010లో ఈ రాత గొడవ లేకుండా గొంతునే నమ్ముకుంది. ఫోన్ చేసి వార్త చెప్పొచ్చు, ఫోన్‌లోనే వినొచ్చు. గోండిలో రాత ఇంకా కొద్దిగానే ఉంది. 2020లో వెలువడిన ఒక పరిశోధన కూడబెట్టిన అనువాద పదాలు, వాక్యాలు 12,000 లోపే.

మీరు నడిపే సైటు పట్టికలు ఇంకా పాత 'యూటీఎఫ్8'లోనే ఉంటే 'యూటీఎఫ్8ఎంబీ4'కు మార్చేయండి. పోలిక నియమాన్నీ మార్చడం మరిచిపోకండి.